తుఫానుకు ముందు పల్లెటూరి ఇంటికి ఏది మేలు: ఇన్వర్టరా, జనరేటరా, సోలారా?

అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట వినపడితే చాలు, కోస్తా ఊళ్లలో ఒకటే చర్చ. ఇన్వర్టర్ పెట్టించుకోవాలా, జనరేటర్ కొనాలా, డాబా మీద సోలార్ పలకలు వేయించుకోవాలా? దుకాణదారుణ్ణి అడిగితే తన దగ్గర ఏది ఎక్కువ నిల్వ ఉందో అదే మేలంటాడు. మనం ముందు తేల్చుకోవలసింది వేరే ఉంది. కరెంటు పోయేది గంటల లెక్కనా, రోజుల లెక్కనా? మామూలు కోతకు సరిపోయే ఏర్పాటు తుఫానుకు చాలదు.

పల్లెకు తుఫానంటే రోజుల లెక్కే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు అంత పెద్ద నగరమే చీకట్లో మగ్గింది. పెట్రోలు బంకుల ముందు బారులు, పాల ప్యాకెట్ల కోసం బారులు. ఆ తర్వాత నగరంలో కొంత మేర తీగలను భూమిలోకి దించారు. పల్లెలకు ఆ యోగం లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు వేళ్లతో సహా ఒరిగాయి. చెట్టు పడ్డ చోటల్లా తీగ తెగింది, స్తంభం విరిగింది. కరెంటు కోసం వారం దాటి ఎదురుచూసిన ఊళ్లున్నాయి. మరమ్మతు వరస కూడా అలాగే ఉంటుంది. ముందు పెద్ద లైన్లు, తర్వాత సబ్‌స్టేషన్లు, ఆసుపత్రులు, మంచినీటి పథకాలు, చివరికి నీళ్లు నిలిచిన వరి చేల మధ్య నుంచి వచ్చే మన ఊరి లైను. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. మన లెక్క మాత్రం దానికి తగ్గట్టు ఉండాలి.

ఇన్వర్టర్: మొదటి రాత్రికి రాజు

ఇళ్లలో ఎక్కువగా కనిపించేది 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. గుణిస్తే 1800 వాట్ అవర్లు. నష్టాలు పోను చేతికి 1300 వస్తే మంచి బ్యాటరీ కింద లెక్క. రెండు మామూలు ఫ్యాన్లకు 150 వాట్లు, మూడు ఎల్‌ఈడీ బల్బులకు దాదాపు 30 వాట్లు వేసుకుంటే ఏడు గంటలకు బ్యాటరీ ఖాళీ. ఫ్యాన్లు తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ రకమైతే ఈ సమయం రెట్టింపవుతుంది. ఆ తర్వాత దాన్ని మళ్లీ నింపడానికి కరెంటు కావాలి, ఆ కరెంటే కదా లేనిది!

అయినా ఇన్వర్టర్‌ను తీసిపారేయలేం. గాలి హోరెత్తే రాత్రి తలుపు తీయడానికి వీల్లేనప్పుడు పొగ లేకుండా, చప్పుడు లేకుండా, ఎవరూ లేచి ముట్టుకోకుండా పనిచేసేది ఇదొక్కటే. దాన్ని సాగదీసే కిటుకు ఒకటుంది. తుఫాను రాత్రి ఎలాగూ చల్లగా ఉంటుంది, ఫ్యాను అక్కర్లేదు. ఉక్కపోత, దోమలు విజృంభించేది గాలి తగ్గిన మర్నాటి నుంచి. మొదటి రాత్రి ఫ్యాన్లు ఆపేసి ఒకే బల్బు, ఫోన్ల చార్జింగుతో సరిపెట్టుకుంటే అదే బ్యాటరీ రెండో, మూడో రాత్రికి కూడా మిగులుతుంది. ఈ మాట ఇంట్లో అందరి చేతా ఒప్పించడం బ్యాటరీ కొనడం కన్నా కష్టమని ఒప్పుకుంటాను.

వాయుగుండం వార్త రాగానే చూసుకోవలసినవి రెండు. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ మట్టం సరిగా ఉందా, ఇంట్లోకి నీళ్లొస్తే బ్యాటరీ మునిగిపోయే చోట ఉందా. చాలా ఇళ్లలో మెట్ల కింద నేలమీదే పెడతారు. ముందే గట్టి బల్ల మీదకు ఎక్కించాలి.

ఇన్వర్టర్ చేయలేని పని బోరు మోటారు నడపడం. ఒక హార్స్‌పవర్ మోటారు నడుస్తున్నప్పుడే కిలోవాటు దాకా లాగుతుంది, మొదలయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు. ఇళ్లలో ఉండే చిన్న ఇన్వర్టర్ ఆ దెబ్బకు ఆగిపోతుంది. పల్లెటూరి ఇంట్లో దీపం లేకపోతే సర్దుకుంటాం, నీళ్లు లేకపోతే ఒక పూట కూడా గడవదు. వాకిట్లో గేదె ఉంటే మరీను. అదొక్కటే రోజుకు 50 లీటర్ల పైన తాగుతుంది.

జనరేటర్: నీళ్లు తోడుతుంది, జాగ్రత్త తప్పితే ప్రాణం తీస్తుంది

బోరు మోటారును లేపగలిగేది జనరేటరే, అది కూడా చిన్నది కాదు. 1 కేవీఏ (కేవీఏ అంటే జనరేటర్ సామర్థ్యానికి కొలత) యంత్రం బల్బులకు, ఫ్యాన్లకు, ఫ్రిజ్‌కు చాలుతుంది. బోరు లోపల నీళ్లలో మునిగి ఉండే ఒక హార్స్‌పవర్ సబ్‌మెర్సిబుల్ మోటారుకు 3 కేవీఏ దాకా ఉంటే గాని నమ్మకం లేదు. అది గంటకు సుమారు లీటరు పెట్రోలు తాగుతుంది. రోజంతా నడుపుదామంటే కుదిరే పని కాదు. పొద్దున గంట నడిపి ట్యాంకు నింపుకొని, అదే గంటలో ఇన్వర్టర్ బ్యాటరీకి కాస్త ఊపిరి పోసి ఆపేయాలి. పెట్రోలు కూడా ముందే తెచ్చుకోవాలి, ఎందుకంటే బంకులో పంపు నడవాలన్నా కరెంటు కావాలి. తెచ్చిన క్యాను వంటింట్లోనో మంచం కిందో పెట్టడం మాత్రం తుఫాను కన్నా పెద్ద ప్రమాదం.

దీనితో వచ్చే చిక్కులు రెండూ ప్రాణాంతకమైనవే. మొదటిది పొగ. వాన పడుతోందని యంత్రాన్ని వరండాలోకో గదిలోకో లాగుతారు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే పోతారు. జనరేటర్ ఎప్పుడైనా ఆరుబయట, కిటికీలకు దూరంగా ఉండాలి. వానలో తడవనివ్వకూడదు, ఇంట్లో పెట్టకూడదు అంటే తుఫాను రాత్రి దాన్ని నడపకూడదనే అర్థం. అది మర్నాటి సరుకు.

రెండోది లైన్‌మన్ ప్రాణం. రెండు వైపులా ప్లగ్గున్న తీగతో జనరేటర్‌ను గోడ సాకెట్‌కు తగిలించి ఇల్లంతా వెలిగించే ‘తెలివి’ కొందరికి ఉంటుంది. ఆ కరెంటు మీటరు దాటి వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి వెళ్తే 11 వేల వోల్టులై లైను మీదకు ఎక్కుతుంది. కరెంటు లేదనుకుని తీగ పట్టుకున్న మనిషి అక్కడికక్కడే పోతాడు. ఇంటిని లైను నుంచి విడదీసి జనరేటర్‌కు మార్చే చేంజోవర్ స్విచ్ పెట్టించలేని ఇంట్లో జనరేటర్ నుంచి నేరుగా విడి తీగతో మోటారుకో ఫ్రిజ్‌కో ఇవ్వాలి తప్ప ఇంటి వైరింగుకు తగిలించకూడదు.

ఒక్క ఇంటికే 3 కేవీఏ జనరేటర్ కొనడం నా దృష్టిలో దండగ. ఏడాదిలో మూడువందల అరవై రోజులు పాకలో దుమ్ము పడి, అవసరమైన రోజున కార్బురేటర్ పట్టేసి మొరాయిస్తుంది. నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి ఒకటి కొనుక్కుని, నెలకోసారి పావుగంట నడిపి చూసుకుంటే బాగుంటుంది. అదీ కుదరకపోతే పెళ్లిళ్లకు అద్దెకిచ్చే టెంట్‌హౌస్ వాళ్లతో ముందే మాట్లాడుకోవచ్చు. ట్రాక్టరు మీద జనరేటర్ ఎక్కించి వీధి వెంట ఒక్కో ట్యాంకూ నింపుకుంటూ పోతే ఊరి పని గడుస్తుంది.

సోలార్: ఏ సోలార్ అన్నదే ప్రశ్న

2024 ఫిబ్రవరిలో ఇంటి కప్పు సోలార్‌కు కేంద్రం రాయితీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం మొదలయ్యాక పల్లెల్లో కూడా డాబాల మీద పలకలు కనిపిస్తున్నాయి. మూడు కిలోవాట్లు వేయించుకున్న ఇంటాయన ఇక తనకు చీకటి భయం లేదనుకుంటాడు. ఆయనకు ఎవరో ఒకరు ముందుగా చెప్పాలి: గ్రిడ్‌కు, అంటే ఊరి కరెంటు లైనుకు కలిపిన, బ్యాటరీ లేని సోలార్ వ్యవస్థ కరెంటు పోగానే తనంతట తానే ఆగిపోతుంది. ఎండ మండిపోతున్నా ఒక్క బల్బు వెలగదు. లోపం కాదు, అలాగే తయారుచేస్తారు. కారణం పైన చెప్పిందే, లైను మీద మనిషి ఉంటాడు. బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఏర్పాటైతే వేరు, కాని దాని ఖరీదూ వేరు.

గాలి సంగతి కూడా చూడాలి. గట్టిగా బిగించని పలక తుఫాను గాలికి తెరచాప అవుతుంది. శ్లాబులో దిగిన బోల్టులైతే ఫరవాలేదు, రేకుల కప్పు మీద బిగిస్తే పలకతో పాటు రేకూ లేచిపోవచ్చు.

నాకు నచ్చేది వీటన్నిటికన్నా చిన్నది. ఒక 100 వాట్ల పలక, బ్యాటరీ అతిగా నిండకుండా చూసే ఒక చార్జ్ కంట్రోలర్, చిన్న బ్యాటరీ. ఎక్కడా శాశ్వతంగా బిగించనక్కర్లేదు. హెచ్చరిక రాగానే దించి మంచం కింద దాచుకోవచ్చు, గాలి తగ్గాక వాకిట్లో ఎండకు పెట్టుకోవచ్చు. మంచి ఎండ కాస్తే రోజుకు 300 నుంచి 400 వాట్ అవర్లు ఇస్తుంది. ఒక ఫోను నింపడానికి 20 చాలు. అంటే ప్రతిరోజూ ఇంటి దీపాలు వెలిగించుకోవచ్చు, మనవే కాక పక్కింటి వాళ్ల ఫోన్లు కూడా నింపవచ్చు. మబ్బు రోజుల్లో ఇందులో చిన్న వాటాయే వస్తుంది, నిజమే. అయినా మూడో రోజున బ్యాటరీ చచ్చిన ఇన్వర్టర్ కన్నా, పెట్రోలు లేని జనరేటర్ కన్నా ఇదే మిగులుతుంది.

కొవ్వొత్తులు, లాంతర్ల గురించి ఎక్కువ చెప్పను. గాలి దూరే ఇంట్లో మంట వద్దు. చార్జింగు లైట్లు రెండు, టార్చి ఒకటి, దానికి సరిపడా విడి సెల్లులు చాలు.

నీళ్లు: ట్యాంకా, చేతిపంపా?

చేతిపంపే. వీధిలో పాత బోరింగు పంపు ఉంటే వాయుగుండం వార్త విన్న రోజునే కొట్టి చూడండి. వాషరు అరిగితే అప్పుడే మార్పించండి. బోరు మోటార్లు వచ్చాక దాన్ని పట్టించుకునేవాడు లేడు. కరెంటు లేని పదో రోజున కూడా నీళ్లిచ్చేది అదొక్కటే.

ట్యాంకు రెండో స్థానం. 1000 లీటర్ల ట్యాంకు నిండా పెడితే నలుగురున్న ఇంటికి పొదుపుగా వాడుకుంటే వారం వస్తుంది. నిండుగా ఉంటే మరో లాభం, బరువుకు కదలదు. ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకు డాబా మీద నుంచి ఎగిరి పక్కింటి రేకుల మీద పడుతుంది. వరద నీళ్లు చేరిన బావినీ బోరునూ మాత్రం క్లోరిన్ వేసి శుభ్రం చేసేదాకా తాగడానికి నమ్మకూడదు.

ఇంట్లో ఉండటమా, వెళ్లిపోవడమా?

ఇక్కడ తూచి చూడటానికి ఏమీ లేదు. పూరిల్లు, రేకుల ఇల్లు అయితే తుఫాను రక్షిత కేంద్రానికో బడికో వెళ్లాల్సిందే. ఉప్పెన చేరే తీరంలో శ్లాబు ఇల్లున్నా వెళ్లాల్సిందే. 1977 నవంబరు 19న దివిసీమలో వేలమందిని బలిగొన్నది ఉప్పెనే. తీరానికి దూరంగా గట్టి శ్లాబు ఇల్లుంటే ఉండవచ్చు. మధ్యలో గాలి ఒక్కసారిగా ఆగిపోతే అయిపోయిందని బయటికి రాకూడదు, అది తుఫాను కన్ను. కాసేపట్లో ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది. వెళ్లేటప్పుడు పశువుల పలుపులు విప్పడం మరవకండి. కట్టేసిన పశువు నీళ్లొస్తే ఈదలేదు.

రేకుల మీద ఇసుక బస్తాలు వేయడం కన్నా కప్పు మీదుగా అడ్డంగా మోకులు వేసి రెండు వైపులా నేలలో గుంజలకు బిగించడం మేలు. సిమెంటు రేకు బస్తా బరువుకే పగలవచ్చు, రేకు విరిగితే ఆ బస్తా పడేది లోపల ఉన్నవాళ్ల మీదే.

డబ్బు లెక్కన చెప్పాలంటే నా వరస ఇది. ఐదారు వేలే ఉంటే చార్జింగు లైట్లు, నీళ్ల డ్రమ్ములు, వీలైతే చిన్న పలక. పాతిక వేలుంటే, రోజువారీ కోతలు ఎక్కువగా ఉన్న ఊరైతేనే ఇన్వర్టర్, లేకపోతే ఆ డబ్బులో కొంత వీధి జనరేటర్‌లో వాటాగా పెట్టడం మంచిది. ఇప్పటికే ఇన్వర్టర్ ఉన్నవాళ్లు రెండో బ్యాటరీ కొనకుండా, దానికి తగిన సోలార్ చార్జ్ కంట్రోలర్, ఒకటి రెండు పలకలు చేర్చుకోవడం తెలివైన పని.

ఇంట్లో జబ్బుతో ఉన్నవాళ్లుంటే మాత్రం ఈ వరస వర్తించదు. వాడకంలో ఉన్న ఇన్సులిన్ సీసాను తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో చల్లగా ఉంచుకుంటే కొన్నాళ్లు గడుస్తుంది. ఆక్సిజన్ యంత్రం మీద ఉన్నవారికి, వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ కావలసినవారికి ఇన్వర్టరూ చాలదు, జనరేటరూ చాలదు. రోడ్డు మీద చెట్లు పడితే అంబులెన్స్ ఊళ్లోకి రాలేదు. అలాంటి ఇంటివాళ్లు వాతావరణ శాఖ అన్నిటికన్నా తీవ్రమైన రెడ్ అలర్ట్ ఇచ్చేదాకా ఆగకుండా, దానికి ముందు మెట్టయిన ఆరెంజ్ అలర్ట్ రోజునే ఆసుపత్రి ఉన్న ఊళ్లోని బంధువుల ఇంటికి చేరుకోవాలి.