మౌంటెన్ బైక్ వెనక సస్పెన్షన్: బేరింగులు, బుషింగులు ఎన్నాళ్లు నిలబడ్డాయి?

వెనక సస్పెన్షన్ టక్ టక్ మంటే చాలామంది ముందు బేరింగులనే అనుమానిస్తారు. నా అనుభవంలో ఎక్కువసార్లు తప్పు షాక్ (కుదుపులను మింగే భాగం) చివర బోల్టు పట్టే కన్నంలో, అంటే ఐలెట్‌లో, ఉండే డీయూ బుషింగ్‌ది. దాని ఖర్చు చాలా తక్కువ. బేరింగుల సెట్ మొత్తం మార్పించి, ఆ చప్పుడు అలాగే ఉండిపోయినవాళ్లను చూశాను.

బెంగళూరులో అవలహళ్లి అడవి ఎర్రమట్టిలో కొన్నేళ్లుగా అల్యూమినియం ఫ్రేము ఫుల్ సస్పెన్షన్ సైకిల్ తొక్కుతున్నాను. ఇన్నేళ్లలో రెండు రకాల పివట్ బేరింగులు (ఫ్రేము భాగాలు కలిసి కదిలే కీళ్లలో ఉండేవి) వాడాను, బుషింగులైతే చాలాసార్లు మార్చాను.

తప్పు ఎక్కడుందో కనిపెట్టడం తేలికే. సైకిల్‌ని నిలబెట్టి ఒక చేత్తో సీటు పట్టుకుని కొద్దిగా పైకి లాగాలి, చక్రం నేల వదలకూడదు. రెండో చేతి వేలిని షాక్ చివరి బోల్టు దగ్గర, సగం ఐలెట్ మీద, సగం ఫ్రేము మీద ఆనించి ఉంచాలి. అక్కడ వేలికి కదలిక తెలిసిందంటే బుషింగ్ పోయినట్టే. అక్కడేమీ లేదు, హబ్ (చక్రం నడిమి భాగం) కూడా లూజుగా లేదు, అయినా చక్రం పట్టుకుని అటూ ఇటూ ఊపితే వెనక భాగమంతా ఆడుతోందంటే అప్పుడు పివట్లు చూడాలి.

డీయూ బుషింగ్ అంటే పల్చటి ఉక్కు గొట్టం, లోపల కంచు పొర, దాని మీద టెఫ్లాన్ పూత. పూత అరిగాక కింద కంచు మెరుస్తూ బయటపడుతుంది. నా షాక్‌లో బుషింగ్ గుండా వెళ్లే పిన్ 12.7 మి.మీ., అంటే అరంగుళం. పిన్ మీద గీతలు పడి ఉంటే బుషింగ్ ఒక్కటే మార్చి లాభం లేదు, రెండూ మార్చాలి. బెంచి వైసు, సరిపడే సాకెట్లు ఉంటే పని త్వరగా అయిపోతుంది.

పివట్ బేరింగు బాధ వేరు. మోటారులో బేరింగు గిర్రున తిరుగుతుంది, గ్రీజు అంతటా పరుచుకుంటుంది. ఇక్కడ కొన్ని డిగ్రీలే ముందుకూ వెనక్కూ కదులుతుంది. దెబ్బలన్నీ అవే బాల్స్ మీద, గాడిలో అదే చోట పడతాయి. నేను విప్పి తీసిన ఒక మెయిన్ పివట్ (వెనక భాగం ముందు ఫ్రేముకు కలిసే పెద్ద కీలు) బేరింగు వేలితో తిప్పితే సాఫీగా తిరగలేదు, ఆగి ఆగి తిరిగింది. సూదితో సీళ్లు లేపి చూస్తే బయటి వైపు గ్రీజు మట్టి కలిసి కుంకుమ ముద్దలా ఉంది, ఫ్రేము లోపలి వైపు మాత్రం శుభ్రంగా ఉంది.

ఆ పివట్‌కి నా ఫ్రేములో 6902 సైజు: లోపల 15, బయట 28, మందం 7 మి.మీ. బెంగళూరు ఎస్.పి. రోడ్ బజారులో దొరికింది. "ఏ మోటారుకన్నా?" అని అడిగిన షాపాయన, సైకిల్‌కని చెప్తే పాతదాన్ని కాలిపర్‌తో కొలిచి మరీ ఇచ్చాడు. నంబరు చివర 2ఆర్ఎస్ అని ఉండాలి, అంటే రెండు వైపులా రబ్బరు సీలు. జెడ్‌జెడ్ అంటే రేకు మూతలు, అవి మట్టిని ఆపలేవు. పెద్ద బ్రాండ్ల పేరుతో నకిలీలు తిరుగుతుంటాయి. ఎస్‌కేఎఫ్ అయితే వాళ్ల ఆథెంటికేట్ యాప్‌లో ఫోటోలు పంపి సరిచూసుకోవచ్చు.

రెండో రకం ఎండ్యూరో కంపెనీ మ్యాక్స్ బేరింగులు. ఇందులో బాల్స్‌ని విడిగా పట్టి ఉంచే కేజ్ ఉండదు, ఆ జాగాలో కూడా బాల్సే నింపుతారు. తిరుగుడు తక్కువ, బరువు ఎక్కువ ఉండే చోటికి బాగా సరిపోతాయి. వేగంగా తిరిగే హబ్‌లో మాత్రం వేయకండి. మెయిన్ పివట్‌లో ఇవి మామూలు వాటికంటే కచ్చితంగా ఎక్కువ కాలం వచ్చాయి. వెనక భాగాన్ని షాక్‌తో కలిపే పై లింకులో నాకు తేడా కనబడలేదు, అక్కడ మంచి 2ఆర్ఎస్ చాలు. సెట్ మొత్తం మ్యాక్స్ తెప్పించడం డబ్బు దండగ.

ఏ రకమైనా వేసే ముందు సీలు లేపి గ్రీజు నిండా కూరుతాను. వేగంగా తిరిగే పనికని ఫ్యాక్టరీలో కొంతవరకే నింపుతారు. పివట్‌లో వేడెక్కే ప్రశ్నే లేదు కాబట్టి నిండుగా ఉంటేనే నీటికి చోటు దొరకదు.

బిగించేటప్పుడు జాగ్రత్త చాలా అవసరం. ఒకసారి ఒక షాపులో సుత్తితో కొట్టి దింపారు, ఆ బేరింగు ఆ వానాకాలం కూడా దాటలేదు. లోపలి రింగు మీద దెబ్బ పడితే అది బాల్స్ గుండా పోయి గాడిలో గుంటలు చేస్తుంది. ఇప్పుడు ఇంట్లోనే ఎం8 త్రెడ్ రాడ్, రెండు నట్లు, వాషర్లు, బయటి రింగు మీద మాత్రమే ఆనే సాకెట్ పెట్టి నెమ్మదిగా బిగిస్తాను. వంకరగా వెళ్తోందనిపిస్తే వెంటనే వెనక్కి తీసేయాలి, బలవంతం చేస్తే ఫ్రేములోని గూడే పాడవుతుంది. బోల్టులు వదులవకుండా నీలం లోక్‌టైట్ 243 జిగురు రాసి, మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించాలి.

వాటర్ వాష్‌కి మాత్రం ఇవ్వొద్దు. ఆ ప్రెషర్‌కి సీలు అంచు దాటి లోపలికెళ్లిన నీళ్లు మళ్లీ బయటికి రావు. బకెట్, బ్రష్ చాలు. ఇక్కడ సెప్టెంబరు, అక్టోబరు వానలు గట్టిగా పడతాయి కాబట్టి దీపావళి తర్వాత షాక్ ఒక చివర విప్పి, వెనక భాగాన్ని చేత్తో పైకీ కిందికీ ఆడించి చూస్తాను. సాఫీగా కదిలితే మళ్లీ బిగించేస్తాను. మధ్యలో ఎక్కడైనా పట్టేసిందంటే ఆ పివట్ విప్పాల్సిందే.