అత్తయ్యతో సింగపూర్‌లో 13 గంటలు

ఆడపడుచు డెలివరీకి అత్తయ్యని మెల్‌బోర్న్ తీసుకెళ్లే పని నా మీద పడింది. మా ఆయనకి సెలవు దొరకలేదు, నాకు దొరికింది, అంతే. రేటు కాస్త అందుబాటులో ఉన్న టికెట్ ఒకటే కనిపించింది, హైదరాబాద్ నుంచి సింగపూర్ మీదుగా, మధ్యలో 13 గంటల ఆగుడుతో, అదే లేఓవర్‌తో. పొద్దున 6:45కి దిగితే మళ్లీ రాత్రి 7:50కి విమానం. "అంతసేపు ఆ కుర్చీల్లో కూర్చుంటే నా మోకాళ్లు పట్టేస్తాయమ్మాయ్" అన్నారు అత్తయ్య. అయితే బయటికెళ్లి ఊరు చూసొద్దామా అన్నాను, అంటే అన్నానుగానీ వీసా సంగతి నాకప్పటికి ఏమీ తెలీదు.

మా ట్రావెల్ ఏజెంట్‌ని అడిగితే సింగపూర్ వీసా కావాల్సిందే, ఫీజు 30 సింగపూర్ డాలర్లు, పైన నా చార్జీ వేరే అన్నాడు. అది సగమే నిజం. ఇండియన్ పాస్‌పోర్ట్ వాళ్లు మామూలుగా సింగపూర్ వెళ్లాలంటే వీసా తీసుకోవాలి, కానీ మూడో దేశానికి వెళ్తూ దారిలో ఆగేవాళ్లకి 96 గంటల వరకు వీసా లేకుండా బయటికి వెళ్లే వెసులుబాటు ఒకటుంది. దానికి ఆస్ట్రేలియా, కెనడా, జర్మనీ, జపాన్, న్యూజిలాండ్, స్విట్జర్లాండ్, యూకే, అమెరికా, వీటిలో ఏదో ఒక దేశం ఇచ్చిన వీసా చేతిలో ఉండాలి, దానికి ఇంకా కనీసం నెల రోజుల గడువుండాలి, ఆ 96 గంటల్లోపు సింగపూర్ నుంచి బయల్దేరే కన్ఫర్మ్ టికెట్ ఉండాలి. ముందుగా అప్లై చేసుకునేది కాదు ఇది, అక్కడ కౌంటర్‌లో ఆఫీసర్ చూసి ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. తిరుగు ప్రయాణంలో కూడా వాడుకోవచ్చు, కాకపోతే మీది సింగిల్ ఎంట్రీ వీసా అయితే షరతులు మారతాయి, అది ముందే చూసుకోండి.

ఒకచోట పనికొచ్చిన లెక్క ఇంకోచోట పనికిరాదు, అది కూడా గుర్తుంచుకోవాలి. మా తమ్ముడు అమెరికా వీసా ఉంది కదా అని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఊళ్లోకి వెళ్దామనుకున్నాడు, యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంజెన్ వీసా లేకుండా కుదరదన్నారు. తొమ్మిది గంటలు కాఫీ తాగుతూ కూర్చున్నాడు పాపం.

ఇంకో ముఖ్యమైన విషయం. సింగపూర్‌లో ఇమిగ్రేషన్ దాటేవాళ్లంతా ముందుగా ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి, దిగే రోజుతో కలిపి మూడు రోజుల్లోపే నింపనిస్తారు. ఇది పూర్తిగా ఉచితం. నేను ఫోన్‌లో వెతికి పైన కనిపించిన దాన్ని నొక్కేసి, ఇద్దరి వివరాలూ నింపి, చివర్లో కార్డు నంబరు అడిగితే అప్పుడు తేరుకున్నా. చూస్తే అది ప్రభుత్వ సైటే కాదు, దాన్ని పోలినట్టు పెట్టిన ఏదో దుకాణం. పాస్‌పోర్ట్ నంబర్లు వాళ్ల దగ్గర పడ్డాయని రెండు రోజులు టెన్షనే. అసలు సైట్‌లో పది నిమిషాల్లో అయిపోయింది. ఈమెయిల్ మాత్రం మీదే ఇవ్వండి, ఏజెంట్‌ది ఇవ్వకండి, ఎందుకో కింద చెప్తాను.

దిగాక నాకున్న భయమల్లా ఆస్ట్రేలియా వీసా గురించే. వాళ్లు పాస్‌పోర్ట్‌లో స్టిక్కర్ అంటించరు, ఈమెయిల్‌లో ఒక లెటర్ పంపుతారు, అంతే. శంషాబాద్‌లో చెక్-ఇన్ దగ్గర అబ్బాయి కూడా పేజీలన్నీ తిరగేసి "వీసా ఏది మేడమ్?" అన్నాడు. అందుకని ఆ లెటరు, మెల్‌బోర్న్ టికెట్టు, తిరుగు టికెట్టు రెండేసి ప్రింట్లు తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నా. చాంగిలో, అదే సింగపూర్ ఎయిర్‌పోర్ట్‌లో, ఆటోమేటిక్ గేట్ల వైపు పోకుండా ఆఫీసర్ కూర్చునే కౌంటర్ దగ్గర నిలబడ్డాం. క్యూ ఇరవై నిమిషాలు. ఆఫీసరమ్మ నా కవరు తీసుకుని లెటర్ చదివి, మెల్‌బోర్న్ ఫ్లైట్ టైము రెండుసార్లు చూసి, బయట ఎక్కడికెళ్తారు అని అడిగింది. నేను ఇంగ్లిష్‌లో సరిగ్గా ఒక వాక్యం పూర్తి చేసేలోపే అత్తయ్య అరవంలో అందుకున్నారు. అత్తయ్యది పుత్తూరు, తమిళం నీళ్లలా వస్తుంది, ఆఫీసరమ్మ కోటు మీద ఉన్న పేరు చూసి మనవాళ్లే అని తేల్చేసుకున్నారు. కూతురి కాన్పు, ఏడో నెల నుంచి వాంతులు, అల్లుడు మంచివాడు, అన్నీ చెప్పేశారు. ఆవిడ నవ్వి, అరవంలోనే జాగ్రత్తగా వెళ్లిరండి అంది. మొత్తం మూడు నిమిషాలు.

స్టాంపు వేయలేదు. సింగపూర్‌లో ఇప్పుడు స్టాంపులు లేవు, ఎన్నాళ్లుండొచ్చో రాసిన ఈ-పాస్ మనమిచ్చిన ఈమెయిల్‌కి వస్తుంది, అందుకే మీ ఈమెయిల్ ఇవ్వమన్నది. అత్తయ్యకి మాత్రం ఇది నచ్చలేదు. "ఇంత దూరం వచ్చి ముద్ర లేకపోతే వచ్చినట్టు ఎవరు నమ్ముతారు?" అని పాస్‌పోర్ట్ మళ్లీ మళ్లీ తెరిచి చూసుకున్నారు.

పెద్ద సూట్‌కేసులు మెల్‌బోర్న్ దాకా ట్యాగ్ చేశారు కాబట్టి వాటి గొడవ లేదు. శొంఠి పొడి, వాము, కారప్పొడులు, బాలింత సరుకంతా వాటిలోనే ఉంది. రెండు టికెట్లు విడివిడిగా కొన్నవాళ్లయితే సామాను ఇక్కడ దింపుకుని మళ్లీ ఎక్కించాలి, అలాంటప్పుడు ఊళ్లోకి వెళ్లే ముచ్చట చాలా తగ్గిపోతుంది. మెల్‌బోర్న్‌లో జూలై అంటే చలికాలం, చేతి బ్యాగుల నిండా స్వెటర్లే, బయటేమో మన ఆగస్టు ఉక్కపోత. అరైవల్ హాల్లో సామాను దాచే కౌంటర్ ఉంది, బ్యాగు సైజును బట్టి డబ్బులు తీసుకుంటారు. చవకేం కాదు. అయినా ఆ రోజు నేను పెట్టిన ఖర్చుల్లో బాగా పనికొచ్చింది అదే.

మెట్రోకి టికెట్ కొనక్కర్లేదు, మన వీసా, మాస్టర్‌కార్డ్ బ్యాంకు కార్డుల్నే గేటు దగ్గర తాకిస్తే చాలు. విదేశీ కార్డయితే వాడిన రోజుకి 60 సెంట్లు అదనం. ఒక కార్డుతో ఇద్దరు వెళ్లనివ్వదు, ఇది తెలీక గేటు దగ్గర కాసేపు దారికి అడ్డం నిలబడ్డాం, తర్వాత అత్తయ్యకి కార్డిచ్చి నేను మా ఆయన కార్డు వాడాను. ఎయిర్‌పోర్ట్ నుంచి ఒక స్టేషన్, ఎక్స్‌పో, అక్కడ దిగి నీలం రంగు డౌన్‌టౌన్ లైన్ ఎక్కితే ఇక మారే పని లేదు, బేఫ్రంట్, లిటిల్ ఇండియా రెండూ దాని మీదే. ఊరంతా చుట్టి వెళ్తుంది కాబట్టి టైము కాస్త ఎక్కువే, కానీ మోకాళ్ల నొప్పులున్నవాళ్లతో మెట్లు, మార్పులు తక్కువ ఉండటమే కావాలి. లిఫ్టు లేని స్టేషన్ నాకు కనబడలేదు. అనౌన్స్‌మెంట్లలో తమిళం వినపడగానే అత్తయ్య సొంతూర్లో బస్సెక్కినట్టు కాళ్లు చాపుకుని కూర్చున్నారు.

లిటిల్ ఇండియాలో ముందు సెరంగూన్ రోడ్డు మీది వీరమాకాళియమ్మన్ గుడి. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ బాంబులు పడుతుంటే జనం ఇక్కడే తలదాచుకున్నారని చెప్తారు. అక్కణ్ణుంచి ఊదా లైన్‌లో ఒక స్టేషన్ వెళ్తే శ్రీనివాస పెరుమాళ్ గుడి, 1855 నాటిది. నడవొచ్చు కూడా, మేం నడవలేదు. మధ్యాహ్నం గుడులు మూసేస్తారు కాబట్టి పొద్దున్నే వెళ్లడం మంచిదైంది. పెరుమాళ్ అంటే అత్తయ్యకి తిరుమల స్వామే, ధ్వజస్తంభం దగ్గర పది నిమిషాలు కదల్లేదు. నేను ఈ గుడి కోసమే మళ్లీ రమ్మంటే రాను, కానీ అత్తయ్యకి ఆ రోజంతా ఆ గుడే.

టిఫిన్ కోమల విలాస్‌లో. 1947లో పెట్టిన హోటల్, పక్కా శాకాహారం. దోసె బాగుంది, సాంబారు మన నోటికి తీపి, కాఫీ చాలా బాగుంది. డాలర్‌కి 65 రూపాయల చొప్పున అత్తయ్య లెక్కేస్తుంటే వద్దని బతిమాలాను, అప్పటికే లెక్క వచ్చేసింది, రెండో దోసె వద్దన్నారు. ముస్తఫా సెంటర్ అనే పెద్ద షాపు వైపు మాత్రం నేనే తీసుకెళ్లలేదు. లోపలికెళ్తే మూడు గంటల తర్వాత గానీ బయటికి రాం, కొన్నవి పెట్టుకోవడానికి చోటూ లేదు.

బేఫ్రంట్‌లో దిగి గార్డెన్స్ బై ది బే అనే పెద్ద తోట. అక్కడి ఇనుప చెట్లు, కొన్ని 50 మీటర్ల ఎత్తు, కింద నుంచి చూడటం ఉచితం, పైన వంతెన మీద నడవడానికి, అద్దాల తోటల్లోకి టికెట్. మేం టికెట్ కొనలేదు. పన్నెండున్నరకి ఎండ, తర్వాత పదిహేను నిమిషాలు కుండపోత, చేతిలో గొడుగు లేదు. నన్నడిగితే పగటి లేఓవర్‌లో ఇది వదిలేయొచ్చు, సాయంత్రం దీపాలతో చూడాల్సిన చోటు. రెండింటికల్లా తిరుగు రైలు ఎక్కేశాం.

జ్యువెల్ గురించి ఒక మాట. 40 మీటర్ల ఇండోర్ జలపాతం ఉన్న ఆ మాల్ ఎయిర్‌పోర్ట్ ఆవరణలోనే ఉన్నా ఇమిగ్రేషన్ దాటాకే వస్తుంది, ట్రాన్సిట్ ఏరియాలో ఉన్నవాళ్లకి అందదు. పొద్దున్నే వెళ్తే నీళ్లుండవు, మేం మధ్యాహ్నం వెళ్లాం కాబట్టి దొరికింది. అత్తయ్య బెంచీ మీద కూర్చుని ముప్పావుగంట అలాగే చూశారు. చెప్పొద్దూ, నాకూ ఇదే అన్నిటికంటే నచ్చింది.

బయటికి సొంతంగా వెళ్లే ఓపిక లేనివాళ్లకి ఎయిర్‌పోర్ట్ వాళ్లే ఉచితంగా రెండున్నర గంటల బస్సు టూర్ ఇస్తారు. లేఓవర్ అయిదున్నర గంటల నుంచి 24 గంటల లోపు ఉండాలి, ఇమిగ్రేషన్ దాటకముందే పేరు రాయించుకోవాలి. మేం దాటేశాక తెలిసింది. ఏడెనిమిది గంటలే ఉంటే నేనైతే అదే ఎంచుకుంటా. పదకొండు దాటితేనే సొంతంగా వెళ్లడం. గది సంగతికొస్తే, గంటల లెక్కన ఇచ్చే హోటళ్లు లోపలా ఉన్నాయి, జ్యువెల్‌లోనూ ఉంది. నేను పిసినారితనంతో తీసుకోలేదు. నాలుగున్నరకి లోపలికి వచ్చాక అత్తయ్య కాళ్లు వాచాయి, ఉచిత వాలు కుర్చీలు అన్నీ నిండిపోయాయి, అప్పుడనిపించింది కొన్ని గంటల పాటు గది తీసుకుని ఉండాల్సిందని. అరవై దాటినవాళ్లు వెంట ఉంటే ఆ డబ్బు మిగుల్చుకోకండి.

సెక్యూరిటీ చెకింగ్ మా టెర్మినల్‌లో గేటు దగ్గరే చేస్తారు. అప్పుడే కొన్న రెండు నీళ్ల సీసాలూ అక్కడ పారబోయించారు, ఖాళీ సీసా ఉంచుకోనిచ్చారు. అత్తయ్య స్వెటరు వేసుకుంటూ, "ఆ ఈమెయిల్ ముద్రని మెల్‌బోర్న్‌లో ప్రింటు తీయించి పాస్‌పోర్ట్‌లో పెట్టమ్మాయ్" అన్నారు. తీయించాను. శొంఠి పొడి డిక్లేర్ చేసి అక్కడి కస్టమ్స్ క్యూలో గంటన్నర నిలబడిన కథ ఇంకోసారి రాస్తా.