విదేశీ ఆఫీసుకి మన మనిషినే పంపాలా, అక్కడివాళ్లనే పెట్టుకోవాలా?

ఖర్చు: పంపే మనిషికి జీతం ఒక్కటే కాదు, ఇల్లు, పిల్లల స్కూలు, రాకపోకలు అన్నీ కంపెనీ నెత్తినే. స్థానికుడైతే ఇవేవీ ఉండవు.

నమ్మకం: మనవాడికి హెడ్డాఫీసులో ఎవరిని అడిగితే పని అవుతుందో తెలుసు. స్థానికుడికి అది పట్టుబడడానికి టైమ్ పడుతుంది, ఈలోగా రెండువైపులా టెన్షన్.

రిస్కు: అసలు తేడా ఇక్కడే. 1997లో జర్మనీలో అడుగుపెట్టిన అమెరికా సూపర్‌మార్కెట్ల కంపెనీ వాల్‌మార్ట్, అక్కడి పగ్గాలు మొదట జర్మన్ రాని అమెరికన్ అధికారికి ఇచ్చింది. కౌంటర్లో ఉద్యోగులు నవ్వుతూ పలకరించాలన్న పద్ధతి అక్కడి కొనుగోలుదారులకు ఎబ్బెట్టుగా తోచింది. 2006లో స్టోర్లన్నీ మెట్రో అనే జర్మన్ రిటైల్ కంపెనీకి అమ్మేసి వెళ్లిపోయింది. పోటీ, స్థానిక చట్టాలు కూడా దెబ్బకొట్టాయనుకోండి, కానీ పగ్గాలు అక్కడి మనిషి చేతిలో ఉంటే కొన్నైనా ముందే చెప్పేవాడు.

బేరం: టోక్యోలో ధర చెప్పాక అవతలివాళ్లు కాసేపు మాట్లాడరు. ఆలోచిస్తున్నారంతే. కొత్తగా వచ్చినవాడు కంగారుపడి తనే ధర తగ్గించేస్తాడు. స్థానికుడు నోరు మెదపడు.

ఫ్యాక్టరీ పద్ధతులు, లెక్కల వ్యవస్థ నేర్పాలంటే మనవాళ్లే వెళ్లాలి. 1984లో కాలిఫోర్నియాలో అమెరికా కార్ల కంపెనీ జనరల్ మోటార్స్‌తో కలిసి ప్లాంటు నడిపినప్పుడు టయోటా జపాన్ నుంచి శిక్షకులను రప్పించింది. అమ్మకాలు, సిబ్బంది, ప్రభుత్వ అనుమతుల పనైతే నా ఓటు స్థానికుడికే. బడ్జెట్ ఉంటే మొదటి ఏడాది ఇద్దరినీ పెట్టండి, సంతకం మాత్రం ఒక్కరిదే ఉండాలి.