అయిదు నిమిషాల ఇంపోర్ట్ బాగుంది, మరి రానివాళ్ల సంగతి?

ఆఫీసు లోపలి వెబ్‌సైట్లు నడిపే షేర్‌పాయింట్ సర్వర్‌లో యాక్టివ్ డైరెక్టరీ ఇంపోర్ట్‌ను 2013 వెర్షన్ రోజుల నుంచి వాడుతున్నాం, ఇప్పుడు 2019 మీద ఉన్నాం. ఉద్యోగుల లాగిన్ ఖాతాలుండే యాక్టివ్ డైరెక్టరీ నుంచి వివరాలు తెచ్చి షేర్‌పాయింట్‌లో ఒక్కొక్కరి ప్రొఫైల్ నింపడమే ప్రొఫైల్ సింక్, మిగతా పరిచయాలు వదిలేస్తున్నాను. భీమవరంలో హెడ్డాఫీసు, అమలాపురం, రాజోలు, కొవ్వూరు, కాకినాడల్లో బ్రాంచీలు, అన్నీ ఒకే డొమైన్‌లో, అంటే ఖాతాలన్నీ డైరెక్టరీలో ఒకే గొడుగు కింద. రొయ్యల ప్రాసెసింగ్ కంపెనీ కాబట్టి సూపర్‌వైజర్లు, క్వాలిటీ వాళ్లు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తరచూ మారుతుంటారు. ప్రొఫైల్‌లో ఊరు తప్పుంటే ఆ రోజు రిపోర్టు వేరేవాళ్లకు పోతుంది.

ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకోవాలి. 2010 వెర్షన్‌లో ఈ పనికి ఖాతాల వివరాలు సర్దే ఫోర్‌ఫ్రంట్ ఐడెంటిటీ మేనేజర్ ఇంజిన్ లోపల కూర్చుని ఉండేది. సింక్ సర్వీస్ ‘స్టార్టింగ్’ దగ్గర ఇరుక్కుపోవడం ఆ వెర్షన్ నడిపినవాళ్లందరికీ తెలిసిన బాధే. 2013లో డైరెక్టరీ నుంచి నేరుగా లాక్కునే ఇంపోర్ట్‌ను దాని పక్కన పెట్టారు, 2016లో ఆ పాత ఇంజిన్‌ను పూర్తిగా తీసేశారు. ఇప్పుడు టైమర్ జాబ్ (వేళకు తనంతట తాను నడిచే పని) ప్రతి 5 నిమిషాలకూ లేచి, కిందటిసారి తర్వాత మారిన ఖాతాలను మాత్రమే అడుగుతుంది. ఇది డైర్‌సింక్ అనే పద్ధతి. అందుకే ఇంపోర్ట్ వాడుకునే సింక్ ఖాతాకు డొమైన్ మీద ‘రెప్లికేటింగ్ డైరెక్టరీ చేంజెస్’ అనుమతి ఇవ్వాలి. పేరు చూసి సెక్యూరిటీ వాళ్లు జంకుతారు గానీ దాంతో డైరెక్టరీలో ఒక్క అక్షరం కూడా రాయలేరు, మార్పులు చదవడానికే అది. డొమైన్ నెట్‌బయోస్ పేరు (పొట్టి పేరు), పూర్తి పేరు వేరైతే అదే అనుమతి డైరెక్టరీ అమరికలుండే కాన్ఫిగరేషన్ పార్టిషన్ మీద కూడా కావాలి. ప్రొఫైల్ సర్వీస్‌లో ‘నెట్‌బయోస్‌డొమైన్‌నేమ్స్‌ఎనేబుల్డ్’ను డైరెక్టరీకి కనెక్షన్ తయారు చేయకముందే ఆన్ చేయాలి. తర్వాత చేస్తే ఖాతా పేర్లు తప్పు డొమైన్‌తో వచ్చి పడతాయి, మళ్లీ మొదటికొస్తుంది.

ఆ 5 నిమిషాల్లో ఒక మెలిక ఉంది. అమలాపురం బ్రాంచిలో మాకు సొంత డొమైన్ కంట్రోలర్ (డైరెక్టరీ ప్రతి ఉండే సర్వర్) ఉంది. అక్కడ హోదా మారిస్తే ఆ మార్పు ముందు భీమవరం కంట్రోలర్‌కు చేరాలి. డైరెక్టరీ భాషలో ఈ ఊళ్లు రెండు ‘సైట్లు’, వాటి మధ్య రెప్లికేషన్‌కు, అంటే మార్పులు నకలు కావడానికి, డిఫాల్ట్ 180 నిమిషాలు. సైట్ లింక్‌లో దాన్ని 15కి తగ్గించవచ్చు, అంతకన్నా తగ్గదు. ఇది సర్దేదాకా ఇంపోర్ట్ నెమ్మదని తిట్టడం అన్యాయం.

గోదావరి జిల్లాల్లో ఇంపోర్ట్ ఎంత అవసరమో చెప్పడానికి ఒక్క పేరు చాలు, సత్యనారాయణ. అన్నవరం దగ్గర్లో ఉన్నాక ఏ ఆఫీసులోనైనా ఆ పేరుతో అయిదారుగురు ఉంటారు. ఇంటిపేరు పొడి అక్షరాలే రాసే అలవాటు వల్ల వెతుకులాటలో వాళ్లంతా ఒకేలా కనిపిస్తారు. విడదీసేవి హోదా, విభాగం, ఆఫీసు అనే మూడు గడులే. ఈ మూడూ డైరెక్టరీలో నిండి ఉండి, మ్యాపింగ్ (డైరెక్టరీలోని ఏ గడి ప్రొఫైల్‌లోని ఏ గడిలోకి వెళ్లాలనేది) సరిగా ఉంటే చాలు. మేనేజర్ గడి విషయంలో మాత్రం మేనేజర్ ఖాతా కూడా ఇంపోర్ట్ పరిధిలో ఉండాలి, లేకపోతే ఆ గడి ఖాళీగా మిగులుతుంది.

ఇక అసలు దెబ్బ. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఆఫీసు గడిలో ‘అమలాపురం, తూ.గో.’ అని ఉన్నవాళ్లంతా కోనసీమ కావాలి. కాకినాడ సొంత జిల్లా అయింది. కొవ్వూరు ప.గో. నుంచి తూ.గో.లోకి వెళ్లింది. ప.గో.లోనే మిగిలిన భీమవరం జిల్లా కేంద్రమైంది. ఆదేశాలు రాసి నడిపే పవర్‌షెల్‌తో డైరెక్టరీలో ఒకేసారి మార్చాం, కాసేపట్లో ప్రొఫైళ్లన్నీ కొత్త జిల్లాలతో కనిపించాయి. ఆ మధ్యాహ్నం ఈ ఇంపోర్ట్‌ను ఎంత మెచ్చుకున్నా తక్కువే అనిపించింది.

తర్వాతి వారం డైరెక్టరీలో ఓయూలను (ఖాతాలు ఉంచే ఫోల్డర్ల లాంటివి) కూడా జిల్లాలవారీగా సర్దాం. కోనసీమకు ఒకటి, కాకినాడకు ఒకటి కొత్తగా తెరిచి ఖాతాలను వాటిలోకి జరిపాం. షేర్‌పాయింట్ కనెక్షన్‌లో టిక్ పెట్టిన ఓయూలే ఇంపోర్ట్ పరిధి, ఆ టిక్ ఉన్నది మాత్రం పాత ఓయూలకే. ఇక్కడే ఈ ఇంపోర్ట్ మీద నాకు గట్టి ఫిర్యాదు. ఖాతా పరిధి దాటి బయటికి వెళ్తే అది ప్రొఫైల్‌ను తీసేయదు, తప్పు చూపదు, హెచ్చరించదు. ప్రొఫైల్ చివరిసారి ఎలా ఉందో అలాగే గడ్డకట్టి ఉండిపోతుంది. జిల్లా పేర్లు జరపకముందే మారిపోయాయి కాబట్టి పైకి అంతా సవ్యంగానే కనిపించింది. అమలాపురంలో కొత్తగా చేరినవాళ్లు వెతుకులాటలో దొరకడం లేదని, రాజోలులో ప్రమోషన్ వచ్చినవాళ్లకు పాత హోదానే ఉందని విడివిడిగా ఫిర్యాదులు వచ్చాయి. రెంటినీ ఎవరూ కలిపి చూడలేదు.

ఆ స్థితిలో రిటైరైనవాళ్ల ప్రొఫైళ్లు శుభ్రం చేసే పని మొదలైంది. ఈ ఇంపోర్ట్‌లో పరిధి దాటిన ఖాతాలకు అది తనంతట తాను జరగదు. ‘సెట్-ఎస్‌పీప్రొఫైల్‌సర్వీస్‌అప్లికేషన్’ ఆదేశాన్ని ‘పర్జ్‌నాన్‌ఇంపోర్టెడ్‌ఆబ్జెక్ట్స్’తో నడపాలి, పర్జ్ అంటే ఏరివేత. ఇంపోర్ట్ పరిధిలో లేని ప్రతి ప్రొఫైల్‌నూ అది తొలగింపుకు గుర్తు పెడుతుంది. రిటైరైనవాళ్లతోపాటు కోనసీమ, కాకినాడ ఉద్యోగులందరూ, చేత్తో సృష్టించిన కన్సల్టెంట్ల ప్రొఫైళ్లు కూడా దాని లెక్కలో ఒకటే. ఆ తర్వాత, అలా గుర్తు పడినవాళ్ల సొంత సైట్లను (మై సైట్లు) తీసేసే ‘మై సైట్ క్లీనప్’ జాబ్ తన పని తాను చేసుకుపోయింది. ఫలానా ఉద్యోగి సొంత సైట్ 14 రోజుల్లో తొలగిపోతుంది, కావాల్సినవి తీసుకోండి అని మేనేజర్లకు మెయిళ్లు వెళ్లాయి. పక్క సీట్లో కూర్చుని పనిచేస్తున్న మనిషి గురించి అలాంటి మెయిల్ వస్తే ఎవరికైనా గుండె గుభేలంటుంది. అసలు విషయం బయటపడింది ఆ మెయిళ్లతోనే.

ఇలాంటప్పుడు మొదట చేయాల్సింది క్లీనప్ టైమర్ జాబ్‌ను డిసేబుల్ చేయడం. తర్వాత సొంత సైట్లలోని ఫైళ్లను వేరేచోట భద్రపరచాలి. ఆపైనే కనెక్షన్ జోలికి వెళ్లాలి. ఎడిట్ చేసిన ప్రతిసారీ సింక్ ఖాతా పాస్‌వర్డ్ మళ్లీ కొట్టి ‘పాపులేట్ కంటైనర్స్’ నొక్కితేగానీ ఓయూల చెట్టు కనిపించదు. కొత్త ఓయూలకు టిక్ పెట్టి ఫుల్ ఇంపోర్ట్ నడపాలి, పరిధి మార్చాక మార్పులను మాత్రమే తెచ్చే ఇంక్రిమెంటల్ సరిపోదు. ప్రొఫైళ్లు తిరిగి వచ్చాయి, హోదాలూ సరయ్యాయి. కానీ ‘నా గురించి’, నైపుణ్యాల గడుల్లో మనుషులు చేత్తో రాసుకున్నవి రాలేదు. అవి డైరెక్టరీలో ఎప్పుడూ లేవు కదా. ఏ ప్లాంటులో ఏ మెషీన్ తెలుసో, ఏ దేశపు ఆడిట్‌కు పనిచేశారో ఏళ్లుగా రాసుకున్న వివరాలవి. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఆ నష్టమే.

పర్జ్ బదులు అదే ఆదేశాన్ని ‘గెట్‌నాన్‌ఇంపోర్టెడ్‌ఆబ్జెక్ట్స్’తో నడిపితే ఏదీ తొలగించకుండా జాబితా మాత్రమే ఇస్తుంది. ముందు ఫుల్ ఇంపోర్ట్, తర్వాత ఈ జాబితా ఫైల్లోకి, దాన్ని హెచ్ఆర్ రిటైర్మెంట్ జాబితాతో పోల్చి చూడటం, ఆ తర్వాతే పర్జ్. ఈ వరస ఇప్పుడు మా దగ్గర మారదు. ఓయూలు జరిపినా జరపకపోయినా ఆ జాబితాను నెలకోసారి తీస్తున్నాం. ఉద్యోగంలో ఉన్నవాళ్ల పేరు అందులో కనిపిస్తే టిక్ తప్పిందన్నమాట.

ప్రొఫైల్ సరయ్యాక కూడా పని అయిపోయినట్టు కాదు. షేర్‌పాయింట్‌లో ఒక్కో సైట్ కలెక్షన్‌లో (ఒక గుంపుగా నడిచే సైట్లలో) ‘యూజర్ ఇన్ఫర్మేషన్ లిస్ట్’ అనే దాగిన జాబితా విడిగా ఉంటుంది. దానికి సమాచారం వేరే జాబ్ మోస్తుంది, గంటకోసారి. అలా చేరాల్సిన ప్రొఫైల్ గడికి ‘రెప్లికబుల్’ టిక్ ఉండాలి. ఆ మనిషి ఆ సైట్‌లో యాక్టివ్‌గా నమోదై ఉండాలి, ఎప్పుడూ తెరవనివాళ్ల పాత వివరాలు అలాగే వేలాడతాయి. ఏ లింకు ఎవరికి కనిపించాలో తేల్చే ఆడియన్స్ గుంపుల కంపైల్ డిఫాల్ట్‌గా వారానికోసారే జరుగుతుంది. కోనసీమవాళ్లకు మాత్రమే కనిపించాల్సిన లింకు వారంపాటు ఎవరికీ కనపడకపోతే ముందు అక్కడే చూడాలి. కాబట్టి పైన మెచ్చుకున్న 5 నిమిషాలు ప్రొఫైల్ డేటాబేస్ గుమ్మం దాకానే. సైట్లలోకి అడుగుపెట్టాక ఎవరి వేగం వాళ్లది.

మాది ఒకే డొమైన్, డైరెక్టరీలోకి తిరిగి ఏమీ రాయనక్కర్లేదు, ఓయూలు మార్చేవాళ్లూ షేర్‌పాయింట్ చూసేవాళ్లూ ఒకే గదిలో ఉంటారు. ఈ పరిస్థితుల్లో మాకు ఇది చాలు, నచ్చింది కూడా. ప్రొఫైల్‌లో మార్చింది డైరెక్టరీకి తిరిగి వెళ్లాలన్నా, హెచ్ఆర్ డేటాబేస్‌ను కలపాలన్నా మైక్రోసాఫ్ట్ ఐడెంటిటీ మేనేజర్‌ను విడిగా నిలబెట్టాలి, దాన్ని చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. డైరెక్టరీ ఒక టీం, షేర్‌పాయింట్ ఇంకో టీం చేతిలో ఉన్న పెద్ద సంస్థలకు ఈ ఇంపోర్ట్‌ను అంత ధీమాగా సిఫారసు చేయలేను. షేర్‌పాయింట్ 2019కి సపోర్ట్ గడువు 2026 జూలై 14. దాని తర్వాతి వెర్షన్ అయిన సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్‌కు మారినా ఇంపోర్ట్ ఇదే, పర్జ్ కూడా ఇదే. అందుకే మారేటప్పటి చెక్‌లిస్టులో టిక్ పెట్టాల్సిన ఓయూల పేర్లు మొదటి పేజీలోనే రాసిపెట్టాం.