కార్డు మీద బ్రెయిలీ: అచ్చు కొట్టించాలా, స్టిక్కర్ అంటించాలా?

నెల్లూరులోనో ఒంగోలులోనో పీవీసీ కార్డులు వేసే షాపు మెట్లెక్కే ముందు చోటు లెక్క చూసుకోండి. కార్డు పొడవు 85.6 మి.మీ., వెడల్పు 54. బ్రెయిలీలో ఒక్కో గుర్తుకు ఆరు చుక్కల గడి ఒకటి: ఎడమ నిలువులో పైనుంచి 1, 2, 3 చుక్కలు, కుడి నిలువులో 4, 5, 6. గడికీ గడికీ 6 మి.మీ., వరసకీ వరసకీ 10 కావాలి. అంటే వరసకు 13 గడులు, హాయిగా నాలుగు వరసలు. ‘ఒంగోలు’ 6 గడుల్లో సరిపోతుంది. ‘నెల్లూరు’కు మాత్రం 8 పడుతుంది: గుణింతపు గుర్తుకు విడిగా ఒక గడి, ‘ల్ల’కు ముందు నాలుగో చుక్కకు ఇంకో గడి. ఫోన్ నంబరుకు అంకెల గుర్తుతో కలిపి 11.

బడి పిల్లల ఐడీ కార్డుల్లాంటివి ఒకేసారి యాభై వేయించాలంటే అచ్చే మేలు. ఒక పక్క సూదులు, ఇంకో పక్క గుంటలు, మధ్యలో కార్డు. చుక్క అర మిల్లీమీటరు లేవాలి. తగ్గితే వేలికి అందదు. మరీ నొక్కితే పీవీసీ తెల్లబడి చుక్క నెత్తిన పగులుతుంది, ఆ పగులు వేలికి గీరుకుంటుంది కూడా. లామినేషన్ అయ్యాకే అచ్చు కొట్టాలి. ముందే కొడితే రోలరు వేడికి చుక్కలన్నీ అణిగిపోతాయి. షాపుల్లో ఎక్కువగా జరిగే తప్పు ఇదే. వెనకవైపు గుంటలు పడతాయి కాబట్టి అక్కడ క్యూఆర్ కోడ్ ఉండకూడదు.

అచ్చు కుడి ఎడమలు తారుమారైతే ‘ఇ’ కాస్తా ‘ఏ’ అవుతుంది: 2, 4 చుక్కలు 1, 5గా మారతాయి. చూపున్నవాళ్ళకు అది కనిపెట్టడం కష్టం. ఒక వేస్టు కార్డు మీద కొట్టి, బ్రెయిలీ చదివేవాళ్ళ చేత చదివించాకే మిగతావి వేయించండి.

ఉన్న కార్డు ఒక్కటే అయితే స్టిక్కర్ చాలు. 0.76 మి.మీ. మందం కార్డు మీద చేత్తో చుక్కలు పొడిచే స్టైలస్ దిగదు. పల్చటి పారదర్శక స్టిక్కర్ షీటును స్లేట్‌లో (గడుల చట్రంలో) పెట్టి, వెనక కాగితం తీయకుండా ఆ వైపు నుంచే కుడి నుంచి ఎడమకు పొడవండి. అంటించేటప్పుడు చుక్కల మీద బొటనవేలితో రుద్దొద్దు, వరసల మధ్య, అంచుల్లో మాత్రమే అదమండి. మన ఎండలకూ చెమటకూ మొదట లేచేవి మూలలే, వాటిని గుండ్రంగా కత్తిరించండి.

బ్యాంకు కార్డుకు అచ్చు అసలు వద్దు. లోపలున్న చిప్పు, యాంటెన్నా తీగ, మాగ్నెటిక్ పట్టీ పాడవుతాయి. స్టిక్కరూ అంత మంచిది కాదు, కార్డును లోపలికి లాక్కునే ఏటీఎంలో లేచిన అంచు ఇరుక్కుంటుంది. కార్డు కవరు మీద అంటించండి. బ్యాంకు పేరులో రెండు అక్షరాలు చాలు, పిన్ మాత్రం ఎక్కడా పొడవొద్దు.