దుకాణం కట్టేసే రోజు పనికొచ్చిన మీట: టెలిగ్రామ్ ‘ఎక్స్‌పోర్ట్ చాట్ హిస్టరీ’

విజయనగరంలో మాలాంటి పాత పాటల పిచ్చోళ్ళ టెలిగ్రామ్ గ్రూపు ఒకటి మూతపడిందంటే కబుర్లు పోతే పోయాయి, పాటలు పోతాయి. అటక మీది క్యాసెట్ల నుంచి ఎక్కించినవి, గీతలు పడ్డ గ్రామఫోన్ ప్లేట్ల నుంచి పట్టినవి, రేడియో ముందు టేప్‌రికార్డర్ పెట్టి పట్టిన హరికథలు. మళ్ళీ వెతికితే దొరికే సరుకు కాదది. ఘంటసాల చదువుకున్న, సుశీల పుట్టిన ఊరు కాబట్టి, 1919 నాటి సంగీత కళాశాల కళ్ళెదుటే ఉంది కాబట్టి, ఈ ఊరి వాళ్ళకి ఆ మోజు కాస్త ఎక్కువే.

టెలిగ్రామ్ ఎలా ఉంటుందో ఇక్కడ చెప్పబోవడం లేదు, అందరి ఫోన్లలో ఉన్నదే. కంప్యూటర్ వెర్షన్‌లో గ్రూపు తెరిస్తే పైన కుడివైపు మూడు చుక్కలుంటాయి. అక్కడ నొక్కితే కనిపించే ‘ఎక్స్‌పోర్ట్ చాట్ హిస్టరీ’ అన్న ఒక్క మీట గురించే ఇదంతా. గ్రూపులోని మెసేజీలు, పాటలు మన కంప్యూటర్లోకి దించిపెట్టేది అదే. 2018 నుంచీ ఉంది. మా గ్రూపు నడిచినన్నాళ్ళూ దాని మొహం చూసినవాళ్ళు లేరు.

మూసేద్దామని అనుకున్నాక తక్కిన యాప్‌లు ఎందుకు పనికిరావో ముందు చెప్పాలి. వాట్సాప్‌లోనూ ఎక్స్‌పోర్ట్ ఉంది. ఫొటోలు, ఆడియోలతో కలిపి అడిగితే చివరి 10,000 మెసేజీలు, ఉత్త అక్షరాలైతే 40,000. పదేళ్ళ గ్రూపుకి అది చాలదు. పైగా వాట్సాప్ పాత ఆడియోలు దాని సర్వర్లో ఉండవు. ఎవరి ఫోన్లో దిగిందో వాళ్ళ దగ్గరే ఉంటుంది, ఆ ఫోన్ మార్చేస్తే అంతే సంగతులు. ఫేస్‌బుక్ గ్రూపులో ఎవరి పోస్టులు వాళ్ళు దించుకోవాల్సిందే, గ్రూపు మొత్తాన్ని మూటగట్టి ఇవ్వదు. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న, యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరు 15న మూతపడ్డప్పుడు ముందే సర్దుకున్నవాళ్ళకే సరుకు మిగిలింది. టెలిగ్రామ్‌లో పాటలు కంపెనీ సర్వర్లోనే ఉంటాయి. 2016లో ఎక్కించిన పాటని ఎక్కించినాయన ఫోన్ పోయినా, ఖాతా తీసేసినా ఇవాళ దించుకోవచ్చు. ఆయన పేరు మాత్రం ‘డిలీటెడ్ అకౌంట్’ అని పడుతుంది.

అన్నిటికన్నా పొంగిపోయేది వాయిస్ మెసేజీల దగ్గర. గ్రూపుల్లో డెబ్బయ్యేళ్ళు దాటిన పెద్దలు టైపు చెయ్యరు, మైకు నొక్కి మాట్లాడతారు. ఏ రాగమో, ఏ సినిమా కచేరీలో ఎవరు వాయించారో, నోటితో హమ్ చేసి మరీ చెబుతారు. వాళ్ళలో కొందరు ఇప్పుడు లేరు. ఎక్స్‌పోర్ట్ చేశాక ‘వాయిస్ మెసేజెస్’ అనే ఫోల్డర్‌లో ఆ గొంతులన్నీ తేదీ, గంట, నిమిషం, సెకనుతో సహా వరసగా కూర్చుని ఉంటాయి. చిన్న ఫైళ్ళు కాబట్టి ఒక్కటీ జారిపోలేదు. ఫైలు రకం ఓజీజీ, పాత ప్లేయర్లు కొన్ని నోరు విప్పవు. వీఎల్‌సీలో గానీ, బ్రౌజర్‌లో గానీ తెరిస్తే చక్కగా పలుకుతాయి.

ఇక్కడితో ఆపితే ఐదు నక్షత్రాలూ ఇచ్చేయొచ్చు. ఆపలేం.

మీట నొక్కగానే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. ఏమేం కావాలో టిక్కు పెట్టాలి. ముందుగా టిక్కు ఉండేది ఫొటోలకి మాత్రమే. వీడియోలు, వాయిస్ మెసేజీలు, ఫైళ్ళు మనమే పెట్టుకోవాలి. పాటలకంటూ వేరే గడి లేదు, అవి ‘ఫైల్స్’ కిందకే వస్తాయి. ఇంతవరకు ఎవరైనా చూసుకుంటారు. వాటి కింద ఒక సన్నటి గీత, దాని మీద జరిగే గుండీ ఉంటుంది. ఒక్కో ఫైలు ఎంత సైజు దాకా దించాలో చెప్పే స్లయిడర్ అది. మొదట అది 8 ఎంబీ దగ్గర ఉంటుంది. పెట్టెలో కళ్ళెదుటే ఉంటుంది కాబట్టి తప్పు చూడనివాళ్ళదే. కానీ చూడరు. మేమూ చూడలేదు.

ఆ 8 ఎంబీ ఏం చేస్తుందో లెక్కలో చూడాలి. 320 కేబీపీఎస్ ఎంపీత్రీ సెకనుకి 40 కేబీ తింటుంది. అంటే సుమారు మూడున్నర నిమిషాల పాటకి 8 ఎంబీ నిండుతుంది. 128లో చేసిన పాటైతే ఎనిమిదిన్నర నిమిషాల దాకా దూరుతుంది. ప్లేటు నుంచి కుదించకుండా పట్టిన వేవ్ ఫైలైతే ముప్పావు నిమిషానికే గడప దాటేస్తుంది. పది అంగుళాల 78 ప్లేటుకి ఒక వైపు పట్టేది మూడు నిమిషాల చిల్లర. కాబట్టి ప్లేట్ల నుంచి తీసిన ఎంపీత్రీ పాటలు బుద్ధిగా వచ్చేశాయి. నాలుగు నిమిషాలు దాటిన తర్వాతి కాలం పాటలు, నాటకాల పద్యాలు, గంటసేపు సాగే హరికథలు, స్కాన్ చేసిన పాటల పుస్తకాల పీడీఎఫ్‌లు, అన్నీ గడప అవతలే ఉండిపోయాయి.

దొంగ దొరక్కపోవడానికి కారణం కూడా అదే. దించాక సరిచూడమంటే ఎవరైనా మొదటి పేజీ తెరుస్తారు. అక్కడున్నవన్నీ పాత పాటలే, నొక్కితే మోగాయి. పైగా పని అయ్యాక తెర మీద అంతా విజయవంతంగా ముగిసిందనే వస్తుంది, ఎన్ని వదిలేసిందో లెక్క చెప్పదు. బ్రౌజర్‌లో తెరుచుకునే ఆ హెచ్‌టీఎంఎల్ పేజీలో పాట పేరు, నిడివి అన్నీ ఉంటాయి. కింద బూడిద రంగులో సైజు పరిమితి దాటిందనీ, సెట్టింగులు మార్చుకోమనీ ఇంగ్లీషులో ఒక ముక్క ఉంటుంది. ఆ ముక్క కళ్ళజోడు లేకుండా కనపడదు. మొదటి విడత 22 జీబీ వచ్చింది, గుండీని చివరిదాకా లాగి మళ్ళీ దించితే 140 జీబీ దాటింది. ఈ మధ్యలో ఒక పెద్దాయన వాయిస్ పెట్టాడు: “ఏటండీ, దుకాణం కట్టీసినట్టేనా, మరి డిలీట్ కొట్టీమన్నారా?” అప్పటికి కొట్టేసి ఉంటే 118 జీబీకి నీళ్ళు వదులుకోవడమే.

కాబట్టి దించాక చెయ్యాల్సిన మొదటి పని పాట వినడం కాదు. నోట్‌ప్యాడ్ ప్లస్‌ప్లస్ అనే ప్రోగ్రామ్‌లో ‘ఫైండ్ ఇన్ ఫైల్స్’ తెరిచి, ‘ఎక్సీడ్స్ మాగ్జిమమ్ సైజ్’ అన్న మాటని ఇంగ్లీషులో టైపు చేసి ఫోల్డర్ మొత్తం వెతికించాలి. ఎన్ని దొరికితే అన్ని ఫైళ్ళు రానట్టు. అలాగే ‘నాట్ ఇంక్లూడెడ్’ అని కూడా వెతకాలి, టిక్కు పెట్టని రకాలన్నీ దాని కింద బయటపడతాయి. రెండూ సున్నా వచ్చేదాకా గ్రూపు జోలికి పోకూడదు.

ఇక దించే పద్ధతి. మొత్తం ఒకేసారి దించుదామనుకుంటే మన జిల్లాల్లో కరెంటు ఒప్పుకోవాలి. మధ్యలో ఆగిందంటే ఆగిన చోటి నుంచి మొదలుకాదు, పక్కన ఇంకో కొత్త ఫోల్డర్ తెరుచుకుని మొదటి నుంచీ వస్తుంది. ల్యాప్‌టాప్ నిద్రపోయినా అదే గతి, ముందే స్లీప్ ఆపేసుకోవాలి. దీనికి మందు అదే పెట్టెలో ఉంది: ‘నుంచి’, ‘దాకా’ తేదీలు. ఒక్కో ఏడాదిని ఒక్కో విడతగా దించితే పోయినా ఒక ఏడాదే పోతుంది. ఫార్మాట్ దగ్గర హెచ్‌టీఎంఎల్, జేసన్ రెండూ కావాలనాలి. మొదటిది మనుషులు చదువుకోడానికి, రెండోది తర్వాత ఎవరైనా కుర్రాడు ప్రోగ్రామ్ రాసి ఫైళ్ళ పేర్లు సరిచేయడానికి. వాయిస్ ఫైళ్ళ పేర్లలో తేదీ ఉంటుందే గానీ మాట్లాడిందెవరో ఉండదు, ఆ సంగతి పేజీల్లోనో, జేసన్‌లోనో పట్టుకోవాలి. కొత్తగా లాగిన్ అయిన కంప్యూటర్ అయితే భద్రత కోసం 24 గంటలు ఆగమంటుంది, ఆఖరి రోజున మొదలెడితే ఇబ్బంది పడతారు. మ్యాక్ వాళ్ళు యాప్ స్టోర్‌లోని మామూలు టెలిగ్రామ్‌లో ఈ మీట కోసం వెతుక్కోవద్దు, డెస్క్‌టాప్ వెర్షన్ వేరే ఉంది. ఫోన్‌లో అసలు లేదు.

ఏడాది ముక్కల మందుకి ఒక చేదు కూడా ఉంది. 2019లో అడిగిన ప్రశ్నకి 2021లో ఎవరో జవాబిచ్చి ఉంటే, ఆ జవాబు మీద నొక్కినా పాత ప్రశ్న దగ్గరికి వెళ్ళదు, అది వేరే ఫోల్డర్ కదా. ఒక్క ఫోల్డర్ లోపల మాత్రం లంకెలు బాగానే ఆడతాయి. పేజీకి వెయ్యి మెసేజీల చొప్పున ఫైళ్ళు చేస్తుంది. మా అరవై వేల పైచిలుకు మెసేజీలకి అరవై దాటి పేజీలయ్యాయి, బ్రౌజర్‌లో వెతికితే తెరిచిన పేజీ ఒక్కటే వెతుకుతుంది. తెలుగులో వెతకడం ఇంకో తలనొప్పి. ఘంటసాల అని ఒకరు, గంటసాల అని ఒకరు, ఇంగ్లీషు అక్షరాల్లో ఇంకొకరు రాస్తారు. ‘ఎక్స్‌పోర్ట్’ లాంటి మాటలో క్స్ తర్వాత కంటికి కనపడని అక్షరం ఒకటి పెట్టి రాస్తే, పెట్టకుండా వెతికినవాళ్ళకి అది చిక్కదు. వాట్సాప్ నుంచి 2021 తర్వాత టెలిగ్రామ్‌లోకి దిగుమతి చేసుకున్న పాత మెసేజీలుంటే, అవన్నీ దిగుమతి చేసిన రోజు కిందే కుప్పగా పడతాయి. అసలు తేదీ పక్కన కనిపిస్తుందిగానీ ఏడాది వారీగా దించేటప్పుడు వాటిని ఏ ఏట వెతకాలో మనమే గుర్తు పెట్టుకోవాలి.

పేర్ల పొడుగు గురించి ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నాను. సినిమా, సంవత్సరం, గాయకులు, రచయిత, సంగీతం అన్నీ తెలుగులో రాసి ఫైలుకి పేరు పెట్టే అలవాటు మన అభిమానులది. విండోస్‌లో ఫోల్డర్ల పేర్లతో కలిపి దారి మొత్తం 260 అక్షరాలు దాటితే కాపీ మొరాయిస్తుంది. తెలుగులో ఒత్తు, గుణింతం దేనికది విడిగా లెక్కకొస్తాయి. ‘క్ష్మీ’ ఒక్కటే ఆరు. అందుకే డీ డ్రైవ్‌లో నేరుగా ‘2019’ అన్నంత పొట్టి పేరుతో ఫోల్డర్ పెట్టాలి. లినక్స్‌తో నడిచే కంప్యూటర్లలో ఫైలు పేరుకి 255 బైట్లే హద్దు, తెలుగు అక్షరం ఒక్కోటి మూడు బైట్లు, అంటే 85తో సరి. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ 4 జీబీ దాటిన జిప్ ఫైల్ని తీసుకోదు, ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చుకోవాలి.

దించిన సరుకు దాచడంలో దెబ్బ తగిలింది. ఊళ్ళోనే కొన్న పోర్టబుల్ డిస్క్, పేరెందుకులెండి, నాలుగో నెలకే టిక్కుటిక్కుమని మూగబోయింది. రెండో కాపీ ఉండబట్టి సరిపోయింది. మూడు కాపీలు, కనీసం రెండు రకాల సామాను మీద, ఒకటి వేరే ఊళ్ళో అన్న లెక్క అందరూ చెప్పేదే. వేరే ఊరంటే శ్రీకాకుళమో, విశాఖో సరిపోదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను మూడు జిల్లాల్నీ ఒకేసారి తన్నింది, 2018 అక్టోబరులో తిత్లీ ఉద్దానాన్ని నేలమట్టం చేసింది. మూడోది హైదరాబాదులో ఉన్న పిల్లల దగ్గర పెట్టడం మేలు. కాపీ చేసేటప్పుడు టెరాకాపీ అనే ప్రోగ్రామ్‌లో వెరిఫై (సరిచూడటం) పెట్టుకుంటే సగం రాసి ఊరుకున్న ఫైళ్ళు అప్పుడే బయటపడతాయి.

సభ్యులకి పంచేముందు ‘కాంటాక్ట్స్’ ఫోల్డర్ తీసెయ్యాలి. ఎప్పుడో ఎవరో పంచిన ఫోన్ నంబర్లన్నీ అందులో విడివిడిగా ఉంటాయి, అవే పేజీల్లోనూ కనిపిస్తాయి. నెట్‌లో పెట్టేద్దామనే ఉబలాటం కూడా వద్దు. రికార్డింగ్ మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు ఉంటుంది. అది తీరినా పాట రాసినాయన, బాణీ కట్టినాయన హక్కులు వాళ్ళు పోయాక ఇంకో 60 ఏళ్ళు నడుస్తాయి.

మూసే తీరు కూడా రెండు మాటల్లో. డిలీట్ తొందర లేదు. పర్మిషన్స్‌లో మెసేజీలు పంపే వీలు అందరికీ ఆపేసి, పైన ఒక నోటీసు పిన్ చేసి, ఆరు నెలలు అలాగే తాళం వేసి ఉంచితే పోయినవేవో బయటపడతాయి. ఇంకొకరు నడుపుతామంటే యాజమాన్యం అప్పగించొచ్చు. దానికి రెండంచెల పాస్‌వర్డ్ పెట్టి ఏడు రోజులు, ఆ ఫోన్లో లాగిన్ అయి 24 గంటలు గడిచి ఉండాలి. తాళం వేసిన మర్నాడే మూడు కొత్త గ్రూపులు పుట్టుకొచ్చాయి, వాటిలో పాటలకన్నా గుడ్‌మార్నింగులే ఎక్కువ. అది ఈ మీట తప్పు కాదు.

నక్షత్రాలంటే, మాది ఆడియో గ్రూపు, విండోస్ ల్యాప్‌టాప్ ఉంది, ఫైబర్ నెట్ ఉంది, కూర్చునే మనిషి ఉన్నాడు. ఆ లెక్కన నాలుగు. ఫొటోలూ ముచ్చట్లూ తప్ప పెద్ద ఫైళ్ళు లేని గ్రూపైతే నాలుగున్నర, స్లయిడర్ గొడవే రాదు. ఫోనే దిక్కయి, నెట్ డేటా ప్యాక్ మీద నడిచేవాళ్ళకి ఒకటి కూడా కష్టమే, ల్యాప్‌టాప్ ఉన్న మేనల్లుణ్ణి సంక్రాంతికి పిలిపించుకోవడం మేలు. ప్రస్తుతానికి మా వాటిలో 2017 ఫోల్డర్‌లో పదకొండు పాటల పేర్లు కత్తిరించుకుపోయి ఉన్నాయి, జేసన్ చూసి ఒక్కొక్కటీ సరిచేస్తున్నాం.