లాగ్ పరిహారమా, ఇంక్రిమెంటా? సిరొంచ సిగ్నల్‌తో చెస్ ఆడేవాళ్లకు ఏది మేలు

సిరొంచలో ఫోన్‌కు రెండు రాష్ట్రాలు. ఇంట్లో ఉంటే మహారాష్ట్ర టవర్, గోదావరి ఒడ్డుకు పోతే కాళేశ్వరం వైపు తెలంగాణ టవర్. రోమింగ్‌కు డబ్బులేం పోవు గాని, ఒక టవర్ వదిలి ఇంకోటి పట్టుకునే ఆ సందులో కొద్ది నిమిషాల్లో ముగిసే బ్లిట్జ్ ఆట పోతుంది. మా అక్క కొడుకు ఏనుగు ఎక్కువున్న ఆటను టైమ్ మీద పోగొట్టుకుని, "మామా, నేనేం ఆలోచించలే, టవరే ఆలోచించింది" అన్నాడు. వాడికి చెప్పిందే ఇక్కడా చెప్తున్నా: లాగ్ పరిహారం, అంటే నెట్ ఆలస్యానికి పోయిన టైమ్, బాగా తిరిగిచ్చే సైటు వెతకడం కంటే, ఎత్తుకు రెండు సెకన్లు కలిసే (అదే ఇంక్రిమెంట్) ఆట ఎంచుకోవడం మేలు.

ముందు లెక్క. చెస్ ఆడే సైటు లిచెస్ సర్వర్లు ఫ్రాన్స్‌లో ఉన్నాయి. ఫైబర్‌లో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఇక్కడి నుంచి అక్కడికి గీత గీసినట్టు పోయినా 7,000 కిలోమీటర్ల పైమాటే. అంటే పోయి రావడానికే 70 మిల్లీసెకన్లు. వంకర కేబుళ్లు, రౌటర్లు, చివర మన టవర్ కలిస్తే 200 దాకా పోవడం మామూలే. ఎత్తుకు 0.2 సెకను చొప్పున 60 ఎత్తులకు 12 సెకన్లు. పది నిమిషాల ఆటలో దాన్నెవరూ పట్టించుకోరు. ఒక నిమిషం బుల్లెట్‌లో మాత్రం టైమ్‌లో అయిదో వంతు పోయినట్టే.

ఆ 12 సెకన్లు ఎవరి ఖాతాలో వేయాలి? సర్వర్ గడియారమే చెల్లుతుందంటే మోసానికి తావుండదు, కానీ సర్వర్ పక్కింటివాడికి ఎప్పుడూ మనకన్నా టైమ్ ఎక్కువే. ఇంకో దారి 1990ల్లోనే వచ్చింది. ఇంటర్నెట్ చెస్ క్లబ్‌లో టైమ్‌స్టాంప్, ఫ్రీ ఇంటర్నెట్ చెస్ సర్వర్‌లో టైమ్‌సీల్ అనే ప్రోగ్రాములు ఆటగాడి కంప్యూటర్లోనే టైమ్ కొలిచి ఎత్తుతో పాటు పంపేవి. దూరం గొడవ తీరింది గాని, కాటా అమ్మేవాడి చేతికే ఇచ్చినట్టయింది. 2000ల మధ్యలో పరిశోధకులు ఆ క్లబ్ ప్రోగ్రామ్ రహస్య సంకేతాలను ఛేదించి, ఆలోచించిన టైమ్‌ను తగ్గించి పంపొచ్చని చూపించారు.

ఇప్పుడు లిచెస్, చెస్.కామ్ నడిపేది మధ్యేమార్గం. గడియారం సర్వర్‌దే, దారిలో పోయిన టైమ్‌ను కొంతవరకు తిరిగిస్తుంది. లిచెస్‌లో ఎత్తుకింత అని కోటా, వాడనిది ఒక హద్దు దాకా పోగవుతుంది. నాకిదే న్యాయం అనిపిస్తుంది. హద్దే లేకపోతే నెట్ వంకతో ఎవడైనా తీరిగ్గా ఆలోచించుకుంటాడు.

అయితే ఈ పరిహారం నిలకడగా నెమ్మదించిన నెట్‌కే మందు. పింగ్ (పోయి వచ్చే టైమ్, మిల్లీసెకన్లలో) 250 దగ్గర కదలకుండా ఉంటే మీకు నష్టమే తెలియదు. మన జబ్బు వేరు. లిచెస్‌లో మీ పేరు మీద నొక్కితే పింగ్ కనిపిస్తుంది, కాసేపు చూడండి: 180, 190, 185, ఉన్నట్టుండి 1,400, మళ్లీ 190. ఎండ్‌గేమ్‌లో ఆ 1,400 తగిలిందా, మన తెర మీద బంటు ఏడో గడిలోకి పోయి కూర్చుంటుంది, అవతలి నుంచి ఉలుకూ పలుకూ ఉండదు. మళ్లీ కలిసేసరికి మన గడియారంలో 0.6 సెకను. కోటా ఎప్పుడో కరిగిపోయింది.

ఇంక్రిమెంట్ పనికొచ్చేది అక్కడే. చెస్ మాజీ ప్రపంచ ఛాంపియన్ బాబీ ఫిషర్ 1989లో పేటెంట్ తీసుకుని, 1992లో స్పాస్కీతో మళ్లీ ఆడినప్పుడు వాడిన గడియారం పద్ధతి ఇదే. 5+0 (అయిదు నిమిషాలు, కలిసేదేం లేదు), 3+2 (మూడు నిమిషాలు, ఎత్తుకు రెండు సెకన్లు) పక్కపక్కన పెట్టి చూడండి. 40 ఎత్తుల ఆటలో 5+0కి 300 సెకన్లు, 3+2కి 260. కాగితం మీద 5+0దే పైచేయి, 60 ఎత్తులకు గాని రెండూ సమానం కావు. కానీ లాగ్ దెబ్బ ఆట మొదట్లో తగిలితే ఎవరికీ తెలియదు, చంపేది చివర్లోనే. 5+0లో అప్పటికి మిగిలింది మిగిలినట్టే తరుగుతుంది. 3+2లో ఒకసారి సెకనున్నర పోయినా, వెంటనే ఆడిన ఒక్క ఎత్తుతో తిరిగొస్తుంది. అందుకే నా ఓటు 3+2కే.

నెట్ పూర్తిగా తెగితే మాత్రం ఇంక్రిమెంటూ కాపాడదు. 2020 ఆగస్టు 30న ఆన్‌లైన్ చెస్ ఒలింపియాడ్ ఫైనల్లో ఆట 15+5. అయినా ప్రపంచమంతా నెట్ దెబ్బతిన్న ఆ పూట భారత్ తరఫున ఆడిన నిహాల్ సరీన్, మన నాగ్‌పూర్ అమ్మాయి దివ్యా దేశ్‌ముఖ్ టైమ్ మీద ఓడారు. చివరికి ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే భారత్, రష్యాలు రెండింటికీ బంగారం ఇచ్చింది. మన ఊరి కుర్రాళ్ల పోటీల్లో ఫిడే ఉండదు కదా, నెట్ తెగితే మళ్లీ ఆడాలా, ఓటమేనా అన్నది మొదటి ఎత్తుకు ముందే తేల్చుకోవాలి.

బుల్లెట్ మోజు తీరనివాళ్లు 2+1 ఆడుకోండి. ప్రీమూవ్‌కు (అవతలివాడు ఆడకముందే వేసి పెట్టే ఎత్తుకు) చెస్.కామ్ 0.1 సెకను కోస్తుంది, లిచెస్ ఏమీ కోయదు, ఆ కాస్త తేడా చివర్లో అక్కరకొస్తుంది. 1+0 మాత్రం నాగ్‌పూర్ పోయినప్పుడు, చుట్టాలింటి వైఫై మీద.